నాకో మాట మిగల్చు

'మనం చూసే వెలుతురు ఎప్పుడూ పాతదే' అని నోరు చదువుతోంది, చదవనీ, నోటికి మనసుతో పనేముంది, కళ్ళు అక్షరాలు అందిస్తూ ఉంటే చాలు, అల్లిక పట్టిన చేతుల్లాగా అది తన దారిన తాను పోతుంది, 'అది మనల్ని చేరేసరికి బయల్దేరిన చోటు ఎలా ఉందో, అసలు ఉందో లేదో ఇక్కడ కూర్చుని చెప్పలేం' అని కూడా చదివేసింది, ఓయమ్మో ఎంత మాట, ముక్కున వేలేసుకుని కాసేపు కూర్చోవాల్సిన మాట, ఎంత తేలిగ్గా చదివేసి అవతలి వాక్యంలో పడిందో చూడు. కానీ ఈ గదిలో ఆగకూడదు. ఆగితే అద్దం అవతల బాబాయి పెన్సిలు ఎత్తుతాడు. పెన్సిలు లేచిందంటే తప్పు పోయినట్టు, వాక్యం మొదటికి వెళ్ళి మళ్ళీ చదవాలి. చెవిలో ఆయన గొంతు 'మళ్ళీ' అంటుంది, ఆ ఒక్క మాటే, అందులో విసుగూ ఉండదు, జాలీ ఉండదు. ఈ రికార్డింగు యంత్రం ముందే కూర్చుని జుట్టు నెరిపించుకున్న మనిషి, ఎప్పుడు చూసినా అద్దం వెనకే కనిపిస్తాడు కాబట్టి అందరికీ అద్దం బాబాయి. ఇవాళ ఆయన పక్కన ఇంకో కుర్చీ ఉంది. అందులో ఆ పిల్ల కూర్చుంది, చుక్కలమ్మాయి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గడ్డం కాస్త పైకెత్తి, ఎవరో తలుపు తీయబోతున్నారని తెలిసినట్టు. పుట్టుకతోనే చూపు లేని పిల్ల. చదువుతున్నది ఆకాశం గురించి. విన్నవాళ్ళు నోరెళ్ళబెడతారు, పుస్తకం చదివి వినిపించే ఈమె కూడా మొదట్లో వెళ్ళబెట్టింది, మరి ఏం చేస్తుంది.

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పైఅంతస్తు చివరి గది ఇది. గోడలకు దళసరి గుడ్డ, ఒక బల్ల, ఒక మైకు, పుస్తకం మీదికి వంగిన దీపం, కదిలితే కిర్రుమనని కుర్చీ ఒకటి, దాన్ని వెతికి తెచ్చింది బాబాయే. చూపు లేని విద్యార్థుల కోసం పుస్తకాలు చదివి వినిపించే గది. పొద్దుటి పూట కింద కౌంటరులో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే ఈమె, మధ్యాహ్నం దిగాక ఇక్కడికొచ్చి చదువుతుంది. ఏది ఇస్తే అది చదువుతుంది. న్యాయశాస్త్రం చదివింది, ఎముకల గురించి చదివింది, వంతెనలు ఎందుకు కూలతాయో చదివి కొన్నాళ్ళు వంతెన ఎక్కాలంటే భయపడింది. అందరూ ఈమెను రేడియో అంటారు. నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ చిన్నప్పుడే పెట్టిన పేరది, పెళ్ళయి, ఉద్యోగమొచ్చి, కణతల దగ్గర తెల్ల వెంట్రుకలొచ్చినా వదల్లేదు. పేరేమో రేడియో, కూర్చునేదేమో 'నిశ్శబ్దం పాటించండి' అనే బోర్డు కింద. రాసిపెట్టి ఉంటే ఎవరు మాత్రం తప్పిస్తారు. 'కాబట్టి ఆకాశంలోకి చూడటమంటే వెనక్కి చూడటమే' అంది నోరు, అక్కడ గొంతులో చిన్న గరగర, ఇసుక మీద చెప్పు ఈడ్చినట్టు, బాబాయి తల ఎత్తాడు, పెన్సిలు మాత్రం ఎత్తలేదు. ఫరవాలేదు, పోదాం, పోదాం.

పోవాలి, ఎందుకంటే ఇవాళ్టిదే ఆఖరి అధ్యాయం, ఇవాళ్టిదే ఆఖరి గంట కూడా. రేపు పొద్దున ఈమె గొంతుకు ఆపరేషను. సాయంత్రమే వెళ్ళి ఆస్పత్రిలో చేరాలి, కింద, బయటి మెట్ల పక్కన బెంచీ మీద ఈమె భర్త దుప్పటీ, ఫ్లాస్కూ, రెండు చీరలూ సర్దిన సంచీతో కూర్చుని ఉన్నాడు. 'గొంతు వస్తుందమ్మా, కానీ ఏ గొంతు వస్తుందో నేను చెప్పలేను' అంది డాక్టరమ్మ. 'గుసగుస వరకే రావచ్చు. ఇదే గొంతు రావచ్చు. చదవడం మాత్రం ఇక మర్చిపో.' అప్పటిదాకా రోజుకు ఒక్క గంట, అదీ మెల్లగా, అంతకు మించి మాట్లాడితే నీ ఇష్టం అంది. ఆ గంటను ఎక్కడ ఖర్చు పెట్టాలో ఈమె ఆలోచించనే లేదు, ఆలోచించాల్సి ఉండిందేమో, తిన్నగా తెచ్చి ఈ బల్ల మీద పెట్టింది. మిగతా రోజంతా పలకే. కౌంటరులో పలక, ఇంట్లో పలక. మాట్లాడని మనిషికి వినబడదనుకుంటారు కాబోలు జనం, పలక చూడగానే గొంతు పెంచి అరుస్తారు, చేతులతో సైగలు చేస్తారు, గణితం ప్రొఫెసరుగారైతే తనూ పెన్ను తీసి 'నాకు ఫలానా పుస్తకం కావాలి' అని రాసి చూపించాడు పాపం, ఈమె పలక మీద 'వినబడుతుంది సార్' అని రాస్తే, 'చాలా సంతోషం' అని మళ్ళీ రాశాడు. ఆ పూట నవ్వలేక చచ్చింది. నవ్వకూడదన్నారు మరి, నవ్వినా గొంతు అరుగుతుందట.

గొంతు. దాన్ని చూసింది ఈమె, ఎంతమంది చూసి ఉంటారు తమ గొంతును తాము? డాక్టరమ్మ సన్నటి గొట్టమేదో ముక్కులోంచి లోపలికి పంపి, టీవీ వైపు చూపించి, 'ఆఁ అను' అంది. తడి తడిగా, ఎర్రగా ఒక గుహ, దాని అడుగున తెల్లటి రెండు సన్న పెదవులు, ఆఁ అనగానే అవి ఒకదాన్నొకటి తాకి వణికాయి, ఎంత వేగంగా వణికాయంటే కదలనట్టే కనిపించాయి. ఇంతేనా? న్యాయశాస్త్రం, ఎముకలు, వంతెనలు, అమ్మకు చదివినవి, కూతురికి పాడిన జోలలు, పక్కింటావిడతో పెట్టుకున్న తగువులు, ఇన్నీ ఈ రెండు పెదవుల మధ్య నుంచే వచ్చాయా, గోరంత లేవు కదా! ఏడుపొచ్చింది ఆవేళ, భయం వల్ల కాదు, భయం ఇంటికొచ్చాక వచ్చింది, అక్కడ మాత్రం కొత్తగా పుట్టిన బిడ్డను చూసినప్పటి ఏడుపు వచ్చింది. ఒక పెదవి అంచున తెల్లటి పూసంత కాయ. 'అదే నీ శత్రువు' అంది డాక్టరమ్మ. ఈమెకు మాత్రం శత్రువులా కనబడలేదు, ఇన్నేళ్ళు పని చేసిన చేతికి కాయ కాసినట్టు కాసింది, అంతే. 'పటం' అని చదివింది నోరు, చదివి ఆగింది, ఇక్కడ ఆగవచ్చు, పటం దగ్గర ఆగడానికి అనుమతి ఉంది.

ఉంది, ఎందుకంటే ఈ గది ఇంకా మూతపడకపోవడానికి పటాలే కారణం. కిందంతా ఇప్పుడు యంత్రం గొంతు వచ్చింది, ఏ పుస్తకాన్నైనా దాని కింద పెడితే గడగడా చదివేస్తుంది, దగ్గదు, అలసిపోదు, చుక్కలమ్మాయికి అదంటే చాలా ఇష్టం కూడా, పరుగులు పెట్టించి వింటుంది. కానీ బొమ్మ దగ్గరికి రాగానే అది 'బొమ్మ' అని, తర్వాతి పేరాకు వెళ్ళిపోతుంది. ఆకాశం పుస్తకంలో సగం బొమ్మలే. 'బొమ్మ, బొమ్మ, బొమ్మ అంటుందక్కా, నాకు ఒళ్ళు మండుతుంది' అంటూ వచ్చింది ఆ పిల్ల మొదటిసారి, కర్రను మడిచి ఒళ్ళో పెట్టుకుని. సరేనని ఈమె మొదటి బొమ్మను వర్ణించడం మొదలుపెట్టింది, ఎర్రటి మేఘం, నడుమ నారింజ, అంచుల్లో నీలం, తనకున్న మాటలన్నీ పోసింది. ఆ పిల్ల ఓపిగ్గా విని, 'అక్కా, రంగులు నాకు ఉత్త పేర్లు. దూరాలు చెప్పండి. ఏది దేనికి దగ్గర, ఏది చిక్కన, ఏది పలచన, ఎక్కడ ఏమీ లేదు. మీరు దూరాలు చెప్పండి చాలు, బొమ్మ నేను కట్టుకుంటా' అంది. ఆ రోజు నుంచి ఈమెకు చూడటం వచ్చింది. అంతకు ముందు ఇన్నేళ్ళూ చూసిందేమిటో మరి, కళ్ళు తెరుచుకుని తిరిగింది, అంతే. బొమ్మ మీద వేలు పెట్టి, ఇది ఇక్కడ మొదలై, ఇలా వంగి, ఇక్కడ పలచబడి, ఇక్కడ ఆరిపోయింది అని చెబుతూ ఉంటే తన వేలి కింద ఉన్నదేమిటో మెల్లగా తెలిసొచ్చేది. ఒకసారి అడిగేసింది కూడా, ఆగలేక, 'చూడలేని దాన్ని ఎందుకమ్మా ఎంచుకున్నావు?' అని. అడిగాక నాలిక కరుచుకుంది. ఆ పిల్ల ఏమీ అనుకోలేదు. 'అక్కడున్నదాంట్లో చాలావరకు ఎవరికీ కనబడదు కదక్కా. లెక్కలు పట్టుకుని తడుముకుంటూ పోవాల్సిందే. అక్కడ అందరూ నాలాంటి వాళ్ళే. నాకు కాస్త అలవాటు ఎక్కువ, అంతే తేడా' అంది నవ్వుతూ. ఎల్లుండి దానికి పరీక్ష. ఈ అధ్యాయం లేకుండా వెళ్తే సగం చేతులతో వెళ్ళినట్టే.

'పటంలో మధ్యన చిక్కటి ముద్ద ఉంది, దాని నుంచి రెండు చేతులు బయటికి వచ్చి, ఒకే వైపు తిరుగుతూ పలచబడ్డాయి' అని చెప్పింది, చెప్పి పేజీ తిప్పింది, పేజీ చప్పుడు కాకుండా తిప్పడం ఒక విద్య, మూలను కాదు, నడుమను పట్టుకుని మెల్లగా లేపాలి. అమ్మకు చదివేటప్పుడు ఈ విద్య అక్కర్లేదు, పేజీలుంటే కదా. అమ్మ బట్టలు ఇస్త్రీ చేసేది, అక్షరం రాదు, సరుకులు కట్టుకొచ్చిన కాగితాలన్నీ దాచి, పెట్టె వేడెక్కేలోపు 'చదవవే రేడియో' అని ముందు పడేసేది. పాత పత్రికల ముక్కలు. ఎవడో రాజు అడవిలోకి వెళ్తాడు, కాగితం అయిపోతుంది. ఎవరో అమ్మాయి తలుపు తీస్తుంది, అక్కడికి చిరిగి ఉంటుంది. 'తర్వాతేమైందే?' 'చిరిగిపోయిందమ్మా.' 'కాగితం చిరిగితే కథ చిరుగుతుందా? మిగతాది నేను చెప్తా విను' అని, ఆవిరి లేస్తున్న చొక్కా మీద పెట్టె తోస్తూ చెప్పేది, రాజు ఎక్కడికి వెళ్ళాడో, తలుపు అవతల ఎవరున్నారో, ఎంత బాగా చెప్పేదంటే అసలు రాసినవాడు వింటే సిగ్గుపడాలి. పెద్దయ్యాక, ఈ గ్రంథాలయంలో మొదటి రోజు, అరల మధ్య నిలబడి, చిరగని పుస్తకాలు ఇన్ని, ఇన్ని పుస్తకాలు చివరి దాకా ఉన్నాయా అని ఆశ్చర్యపోయి, వేలితో వీపులు తాకుతూ నడిచింది, ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్కరి నోరు మూసి ఉంది, తెరిస్తే చాలు. ఇప్పటికీ పొద్దున దీపాలు వేయగానే అరలు వరసగా వెలుగులోకి వచ్చేటప్పుడు ఒక క్షణం ఊపిరి ఆగుతుంది. అమ్మ చూసి ఉంటే ఏమనేది? 'ఇన్నిట్లో నా రాజు ఎక్కడున్నాడో వెతకవే' అనేది, తప్పకుండా.

'ఇక్కడి నుంచి మనం ఖాళీ గురించి మాట్లాడుకుందాం' అంటోంది పుస్తకం, గొంతు గరగర ఇప్పుడు ప్రతి వాక్యం చివరా వినబడుతోంది, నీళ్ళు తాగింది, బాబాయి చెయ్యి ఊపాడు, నిదానం, నిదానం. 'చేయి చాచి ఒక ఇసుక రేణువును పట్టుకుంటే అది ఆకాశంలో ఎంత మేర కప్పుతుందో అంత చిన్న ముక్కను ఎంచుకున్నారు.' ఇంట్లో ఆయనకైతే ఇదంతా అక్కర్లేదు. ఆయన నీళ్ళ పంపుల దగ్గర పని చేస్తాడు, పెద్ద పెద్ద మోటార్లు, వాటి మోతలో వినీ వినీ చెవులు మొద్దుబారాయి, పక్షులు ఆయనకు వినబడవు, తలుపు తట్టినా వినబడదు, కూతురు ఫోన్ చేస్తే 'ఆఁ, ఆఁ' అని ఈమెకు ఇచ్చేస్తాడు. ఈమె గొంతు మాత్రం వినబడుతుంది. ఎలా వినబడుతుందంటే చెప్పలేడు, 'నీదొక్కటే పూర్తిగా వినపడుతుంది' అంటాడు, అదీ పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కసారే అన్నాడు, మాటల్లో పిసినారి, రేడియోకి తగ్గ మొగుడు. 'అక్కడ ఏమీ లేదని అందరూ అనుకున్న చోటు అది.' పలక పట్టుకున్నప్పటి నుంచి ఇల్లు ఎలా ఉందో ఈమె గమనించలేదు, గమనించాల్సింది. రాత్రి ఆయన పలక మీద రాసింది చదివి తల ఊపి, పలక తుడిచి, తుడిచిన పలక వైపే చూస్తూ కూర్చునేవాడు. ఇవాళ పొద్దున సంచీ సర్దుతూ, చీర మడత సరిగ్గా రాక మళ్ళీ మళ్ళీ విప్పుతూ, ఈమె వైపు చూడకుండా అన్నాడు. కోపంగా అనలేదు, కోపంగా అన్నా బాగుండేది. ఉన్న గంటంతా చుక్కలకే పోస్తున్నావు, కానియ్యి, ఆ పిల్లకు కావాలి, నాకు తెలుసు అని, కాస్త ఆగి, 'దుర్భిణిని ఆ ఖాళీ వైపు తిప్పి రోజుల తరబడి కదలకుండా ఉంచారు, సాయంత్రానికి నాకో మాట మిగల్చు అన్నాడు.'

అంది నోరు. చదివే గొంతుతోనే, వాక్యం చివర దిగాల్సిన చోట దిగి, పుస్తకంలో ఉన్నట్టే అంది. తర్వాతి వాక్యానికి కళ్ళు వెళ్ళాయి గానీ చెవులు వెళ్ళలేదు, చెవులు అక్కడే ఉండిపోయాయి, ఏమన్నాను నేను? బాబాయి పెన్సిలు వేళ్ళ మధ్య ఉంది. లేవలేదు. ఆయన ఈమె వైపే చూస్తున్నాడు, పక్కన ఆ పిల్ల రెండు చేతులతో హెడ్‌ఫోన్లను చెవులకు నొక్కి పట్టుకుంది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, ఈ పెదవి దాటింది అద్దమూ దాటింది, యంత్రంలోకీ వెళ్ళింది. ఇన్నేళ్ళ చదువులో ఇలాంటి తప్పు పోలేదు, దగ్గింది, తుమ్మింది, రెండు పేజీలు కలిపి తిప్పింది, కానీ తన ఇంటిని తెచ్చి పుస్తకంలో పెట్టలేదు ఎప్పుడూ. ముఖం మండింది. చేత్తో సైగ చేసింది, కొట్టెయ్యి, మళ్ళీ చదువుతాను. బాబాయి కదల్లేదు. సరే, ముందు బొమ్మ, బొమ్మ అయిపోతే అంతా అయిపోయినట్టే, పేజీ తిప్పింది, తిప్పి చూసింది.

చూసి, నోరు మూతపడింది. పేజీ అంతా చుక్కలే. కాదు, చుక్కలు కావట, కింద రాసి ఉంది, ప్రతి చుక్కా ఒక గెలాక్సీ, ఒక్కో దాంట్లో లెక్కకు అందనన్ని సూర్యులు. ఏమీ లేదనుకున్న చోట. ఇసుక రేణువు వెనకాల. గీతలు, చుట్టలు, నలుసులు, ఒకటి పక్కకు ఒరిగింది, ఒకటి గోరుతో గీరినట్టుంది, రెండింటి మధ్యన ఖాళీ ఉందనుకుని కళ్ళు దగ్గరికి తెస్తే ఆ ఖాళీలో ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. దేవుడా. ఇది ఎప్పుడూ ఇక్కడే ఉందా? అమ్మ ఇస్త్రీ చేస్తున్నప్పుడు, ఆయన పంపుల దగ్గర నిలబడ్డప్పుడు, ఈమె పలక తుడిచినప్పుడు, తల మీద ఇదంతా ఉందా, ఎవరూ చెప్పలేదే! భయమేసింది, అంతలోనే భయం పోయి ఇంకేదో వచ్చింది, మోకాళ్ళ మీద కూర్చోవాలనిపించింది. చెప్పాలి. వేలు పెట్టింది ఎడమ వైపు కింద మూల. 'ఎడమ మూల నుంచి' అంది, గొంతు రెండుగా చీలింది, 'ఎడమ' అని మళ్ళీ అంది, గాలి వచ్చింది గానీ మాట రాలేదు. మింగింది. నీళ్ళు. మళ్ళీ నోరు తెరిచింది, గరగర, అంతే. గొంతు అడుగున ఎక్కడో కొంచెం ఉంది, తెలుస్తోంది, సీసాను తలకిందులు చేస్తే రాలేంత, కానీ ఈ బొమ్మకు అది ఏ మూలకు సరిపోతుంది. దాన్ని కూడా పోసేద్దామనే అనుకుంది. నిజంగానే అనుకుంది, ఆయన కింద బెంచీ మీద ఉన్నాడని తెలిసి కూడా.

తలుపు తెరుచుకుంది. రికార్డింగు జరుగుతున్నప్పుడు తలుపు తెరవకూడదు, ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. ఆ పిల్ల గోడ పట్టుకుని, బల్ల అంచు పట్టుకుని వచ్చి, ఈమె భుజాన్ని వెతుక్కుని, అక్కడి నుంచి ముఖాన్ని వెతుక్కుని, అరచేతితో నోరు మూసింది. 'చాలక్కా. ఇంక మాట్లాడకండి.' ఈమె తల అడ్డంగా ఊపింది, బొమ్మ మిగిలిపోయింది కదా. 'ఆ మాట ఆయనది. దాన్ని నా బొమ్మ మీద పోస్తే పరీక్షలో నాకేం కలిసొస్తుంది చెప్పండి?' అని, నవ్వబోయి, నవ్వలేక, ఈమె పక్కనే నేల మీద కూర్చుని, ఎడమ చెయ్యి చాచి, అరచెయ్యి విప్పి ఈమె ఒళ్ళో పెట్టింది. 'ఇదే పేజీ అనుకోండి. మీరు చూపించండి, మిగతాది నేను చెప్తా.' ఆ మాట ఎక్కడ విందో ఈమెకు తెలుసు, ఆవిరి వాసనతో సహా తెలుసు, ఆ పిల్లకెలా తెలుస్తుంది, తెలియదు, ఎప్పుడూ చెప్పలేదు కూడా. అరచేతి అడుగున, ఎడమ మూల, బొటనవేలితో నొక్కింది. ఆ పిల్ల మైకు వైపు మెడ చాచింది. 'ఎడమ మూల, కింద, పెద్దది ఒకటి' అంది. గోరుతో గీరింది. 'దాని పైన సన్నటిది, నిలువుగా కాదు, ఒరిగి ఉంది.' చిన్న చిన్నగా పొడిచింది. 'ఇక్కడ గుంపు. చాలా ఉన్నాయి, ఒకదానికొకటి ఆనుకుని.' వేలు ఎత్తి ఆగింది. 'ఇక్కడ ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు.' వెంట్రుక తాకినట్టు తాకింది. 'ఆగండి, ఉంది, ఇక్కడా ఉంది!' అద్దం అవతల బాబాయి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. వేలు పైకి వెళ్తూ ఉంది, చుట్టలు తిప్పింది, పొడిచింది, గీరింది, ఆ పిల్ల చెబుతూనే ఉంది, మొదట్లో పాఠం చెప్పినట్టు మొదలైన గొంతు మెల్లగా మారింది, మాటలు తగ్గాయి, 'ఇంకోటి... ఇంకోటి... అక్కా, ఇంకానా? అమ్మో, నా చెయ్యి చాలదేమో!' ముంజేతి దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఆఖరి నలుసు మణికట్టు దాటాక, నాడి కొట్టుకునే చోట పడింది. ఆ పిల్ల చేతిని దగ్గరికి తీసుకుని, వేళ్ళు మూసి, పట్టుకుని కూర్చుంది. యంత్రం ఆ నిశ్శబ్దాన్ని కూడా రాసుకుంటూ పోయింది.

ఇక్కడొక పద్ధతి ఉంది. చదివినవాళ్ళు తమ పేరు చెప్పకూడదు, చివర 'ఇంతటితో పుస్తకం పూర్తయింది, చదివినది మీ గ్రంథాలయం' అని ముగించాలి. ఎన్ని పుస్తకాల చివర అందో ఈమె ఆ వాక్యం. ఆ పిల్ల మైకును వెతుక్కుని అంది. 'ఇంతటితో పుస్తకం పూర్తయింది. చదివినది మా రేడియో అక్క. ఆఖరి బొమ్మ మాత్రం నేను.' పద్ధతి తప్పింది, పెన్సిలు లేవాలి. ఈమె అద్దం వైపు చూసి, చేత్తో మళ్ళీ సైగ చేసింది, ఇందాకటి ఆ వాక్యం, మా ఇంటి వాక్యం, అదైనా తీసెయ్యి బాబాయ్. చెవిలో ఆయన గొంతు వచ్చింది. 'నేను పెన్సిలు ఎత్తానా అమ్మాయ్? ఎత్తలేదుగా. అంటే తప్పు పోనట్టే.' ఎర్రదీపం ఆరింది. 'ఎల్లుండి పరీక్షలో ఆ మాట మాత్రం రాయనులే అక్కా' అంది ఆ పిల్ల, ఈసారి నిజంగా నవ్వుతూ, చెంపలు తుడుచుకుంటూ. 'వెళ్ళండి. ఒలికిపోకుండా తీసుకెళ్ళండి.'

మెట్లు దిగింది. నోరు బిగించి, నిండు గ్లాసు పట్టుకున్నట్టు నడిచింది. చదువుకునే హాల్లో తలలన్నీ వంగి ఉన్నాయి, పెదవులు కదలడం లేదు, ఒక్కొక్క తలలో ఒక్కొక్క గొంతు చదువుతూ ఉంటుంది కదా, ఎవరి గొంతది, తమదేనా, అమ్మదా, ఇన్ని గొంతులు మోగుతున్న చోట ఇంత నిశ్శబ్దం ఎలా ఉంది, ఇన్నేళ్ళు ఇదే హాల్లో తిరిగి ఈ సంగతి ఇవాళ తట్టిందేమిటి! కిటికీల్లో ఆకాశం ఇంకా వెలుగుతూనే ఉంది, అందులో ఏమీ కనబడలేదు. లేదనుకోవడం ఇక ఈమె వల్ల కాదు. బయట బెంచీ మీద ఆయన సంచీని ఒళ్ళో పెట్టుకుని, జారిపోతుందేమోనన్నట్టు రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఈమెను చూసి లేచాడు. అలవాటుగా ఈమె నోటి వైపు చూశాడు, చూసి, అడగకూడదనుకున్నాడో ఏమో, చూపు తిప్పుకుని, 'ఇదిగో, బస్సుకు టైమవుతోంది' అని సంచీ భుజాన వేసుకుని ముందుకు నడిచాడు. మెట్లు దిగుతున్నంతసేపూ ఎన్ని అనుకుంది, నీ పక్కన బాగుందనాలనుకుంది, భయంగా ఉందనాలనుకుంది, అక్కడ పైన ఏముందో తెలుసా అనాలనుకుంది, ఒక్క మాటలో అన్నీ ఎలా పడతాయి. ఆయన వీపు దూరమవుతోంది. వెనక నుంచి పిలిస్తే ఇంకెవరి గొంతూ ఆయనకు అందదు.

'ఏమండీ' అంది.

నడుమ పగిలింది, చివర గాలే మిగిలింది, కానీ పిలుపు పిలుపే. ఆయన ఆగిపోయాడు. వెంటనే తిరగలేదు. తిరిగాక 'ఆఁ' అనలేదు, ఎప్పుడూ అనేవాడే. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

'వినబడలేదు' అన్నాడు. 'మళ్ళీ.'

పంపుల చెవులే, నిజమే అయి ఉండవచ్చు. కానీ ఆ ముఖం ఈమెకు తెలియదా, చీర మడత చెడగొట్టి కావాలని మళ్ళీ విప్పేటప్పటి ముఖమది, దొంగ ముఖం, కళ్ళు రెండూ నిండిపోయి ఉన్నాయి. డాక్టరమ్మ వద్దన్నా సరే నవ్వు వచ్చింది. దగ్గరికి వెళ్ళింది, చాలా దగ్గరికి, ఊపిరి తీసుకుంది, అడుగున ఉన్నదంతా వచ్చేలా తీసుకుని, ఆయన చెవిలో మళ్ళీ పిలిచింది.

'ఆఁ' అన్నాడు ఆయన.